దస్తగిరి ఎవరి పేరు?

కడప, కర్నూలు, అనంతపురం పల్లెల్లో ‘దస్తగిరీ’ అని కేకేస్తే పలికేది ముస్లిం కావచ్చు, దూదేకుల కులస్థుడు కావచ్చు, గుడికెళ్లి వచ్చిన హిందువూ కావచ్చు. దస్తగిరయ్య, దస్తగిరప్ప, దస్తగిరమ్మ అని ఆ పేరుకు అయ్యలు, అప్పలు, అమ్మలు చేరి చాలాకాలమైంది. రైల్వే పనులకనీ ఉక్కు కర్మాగారం పనులకనీ రాయ్‌పూర్, బిలాస్‌పూర్, భిలాయ్ వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లలో ఎవరికైనా ఈ పేరుంటే పరిస్థితి వేరు. హిందీ నేలమీద దస్తగిర్ అంటే ముస్లిం పేరు, అంతే. ‘మీరు ముస్లింలు కాకపోతే ఈ పేరెలా వచ్చింది?’ అన్న ప్రశ్న అక్కడ సహజం. 1931లో పూర్తయిన రాయ్‌పూర్–విజయనగరం రైలుమార్గానికి ఒక కొసన ఈ ప్రశ్న పుడుతుంది, మరో కొసన ఎవరికీ తట్టదు.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవారు చాలామందే ఉన్నారు. భాషావేత్తలు మాట పుట్టుక చూశారు. మతపండితులు ఆ పేరు పెట్టడం ధర్మమా కాదా అని వాదించుకున్నారు. చరిత్రకారులు అది మతమార్పిడికి గుర్తా, భక్తికి గుర్తా అని తర్కించారు. ఇటీవలి గుర్తింపు రాజకీయాలు ‘అసలు ఈ పేరు ఎవరిది’ అంటూ కొత్త ముడి వేశాయి. నలుగురూ నాలుగు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు చెబుతూ, ఒకే ప్రశ్న మీద పోట్లాడుకుంటున్నట్టు కనిపిస్తున్నారు. ఏ వాదం ఏ ప్రశ్నకు జవాబో విడదీసి చూడటమే ఈ సమీక్ష ఉద్దేశం.

మాట ఎక్కడిది, మనిషి ఎవరు

మాట విషయంలో పెద్ద తగాదా లేదు. ఇది ఫారసీ మాట. ‘దస్త్’ అంటే చేయి, ‘గీర్’ అంటే పట్టేది, పట్టుకునేవాడు. రెండూ కలిస్తే చేయి పట్టి ఆదుకునేవాడు. ఈ రెండు ముక్కలూ తెలుగువాడికి కొత్తవి కావు. దస్తావేజులోనూ దస్కత్తులోనూ ఉన్నది ఈ ‘దస్త్’ అనే చెయ్యే. జాగీరు, జహంగీర్, ఆలంగీర్ అన్నప్పుడు చివర పలికేది ఈ ‘గీర్’. నేటి ఇరాన్‌లో దస్త్‌గీర్ అంటే వాడుకలో పోలీసులకు పట్టుబడినవాడు. ‘ఆదుకునేవాడు’ అన్న అర్థాన్ని భద్రంగా దాచుకున్నది భారతదేశపు ఫారసీ, ఉర్దూ వాడుకలు. దీన్ని అరబ్బీ పేరనుకోవడం పొరపాటు. ఖురాన్‌లో ఈ మాట లేదు, ప్రవక్తల పేర్లలోనూ లేదు. నిజానికి మొదట ఇది పేరే కాదు, ఒక బిరుదు.

ఆ బిరుదు షేక్ అబ్దుల్ ఖాదిర్ జిలానీది. కాస్పియన్ సముద్రానికి దక్షిణాన ఉన్న గిలాన్ ప్రాంతంలో 1077–78లో పుట్టి, పద్దెనిమిదో ఏట బాగ్దాద్ చేరి, హంబలీ ధర్మశాస్త్ర పండితుడిగా, ప్రవచనకారుడిగా పేరు పొంది, 1166లో అక్కడే కన్నుమూశారు. సమాధి బాగ్దాద్‌లోనే ఉంది. ఆయన పేరుమీద నడిచే సూఫీ మార్గమే ఖాదిరీ సిల్సిలా. ఆయన ప్రవచనాల సంపుటాలు ‘ఫుతూహుల్ గైబ్’, ‘ఫత్‌హుర్రబ్బానీ’ అరబ్బీలో ఉన్నాయి. వాటిలో కనిపించేది నిష్ఠగల పండితుడు, మనసును కఠినంగా అదుపులో పెట్టుకోమనే గురువు. ఆపదలో తలిస్తే వచ్చి చేయి అందించే మహిమాన్వితుడి రూపం ఆ తర్వాతిది. 1314 ప్రాంతంలో చనిపోయిన షత్నౌఫీ రాసిన ‘బహ్‌జతుల్ అస్రార్’ ఆ మహిమలను కథలుగా కూర్చింది. అంటే గురువు పోయాక నూరేళ్లు దాటిన తర్వాత. శిష్యుడు గురువు చేతిలో చేయి పెట్టి బైఅత్ అనే ప్రమాణం చేసే సూఫీ సంప్రదాయానికి, ‘చేయి పట్టేవాడు’ అన్న బిరుదు చక్కగా అమరింది.

ఆయనకు బిరుదులు అనేకం. ఒక్కో బిరుదూ మన ఊళ్లలో ఒక్కో పేరై కూర్చుంది. ధర్మాన్ని తిరిగి బతికించినవాడన్న ‘మొహియుద్దీన్’ మన నోట మొహిద్దీన్, మోదీన్ అయింది. మొర ఆలకించేవాడన్న ‘గౌస్’ గౌస్‌గానే మిగిలింది. ‘మహబూబె సుభానీ’ కాస్తా మాబు సుభానీ, ఉట్టి సుభానీ. ఖాదర్, జిలానీ సరేసరి. తెలంగాణ విప్లవకవి మఖ్దూం మొహియుద్దీన్ పేరులో ఉన్నది జిలానీ బిరుదే. 1991లో ‘పుట్టుమచ్చ’ కావ్యంతో తెలుగు ముస్లింవాద కవిత్వానికి దారి తీసిన ఖాదర్ మొహియుద్దీన్ పేరులో ఆయన పేరూ బిరుదూ రెండూ ఉన్నాయి. 2021లో పద్మశ్రీ అందుకున్న నాదస్వర దంపతులు కలీషాబీ, షేక్ మహబూబ్ సుభానీలలో భర్త పేరు కూడా ఆ బాగ్దాద్ గురువుదే. త్యాగరాజ కీర్తనలు వాయించే విద్వాంసుడు ఆ పేరుతో ఉండటం తెలుగువారికి ఎన్నడూ వింతగా తోచలేదు.

ఒకే గురువు, ప్రాంతానికో పేరు

జిలానీ భక్తి భారతదేశమంతటా ఉంది. ఆయన్ను పిలిచే పేరు మాత్రం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఈ తేడాలోనే చరిత్ర దాగి ఉంది.

మలబారులో కోళిక్కోడు ఖాజీ ముహమ్మద్ 1607లో అరబీ మలయాళంలో రాసిన ‘ముహ్‌యుద్దీన్ మాల’ ఇంటింటా పాడుకునే స్తోత్రమైంది. అక్కడి మగపిల్లలు మొయిదీన్, మొయిదీన్‌కుట్టి అయ్యారు. తమిళ ముస్లింలు ముహియిద్దీన్ ఆండవర్ అంటారు, పిల్లలకు మొహిదీన్ అని పెడతారు. శ్రీలంకలో కూరగల కొండ మీద ఆయన తపస్సు చేశారని నమ్మే చోటు దఫ్తర్ జైలానీ. కశ్మీర్‌లో ఆయన దస్తగీర్ సాహెబ్. శ్రీనగర్ ఖాన్యార్‌లోని ఆయన జియారత్ (పుణ్యస్థలం) 2012 జూన్‌లో కాలిపోయినప్పుడు లోయ అంతా దుఃఖించింది. గురునానక్ బాగ్దాద్ ప్రయాణాన్ని చెప్పిన సిక్కు పండితుడు భాయీ గురుదాస్ కూడా అక్కడి పీరును దస్తగీర్ అనే అన్నాడు. జిలానీ పోయి అప్పటికి మూడున్నర శతాబ్దాలైంది. కాబట్టి ఆ దస్తగీర్ ఆయన గద్దె మీద ఉన్న వారసుడై ఉండాలి. బిరుదు మనిషిని దాటి పీఠానికి చేరిందన్నమాట.

ఈ పటాన్ని చూసి పండితులు చేసే ఊహ ఒకటుంది. అది నాకు సబబుగానే తోస్తుంది. సముద్రం మీదుగా అరబ్బు వర్తకులతో ఇస్లాం చేరిన తీరాల్లో అరబ్బీ బిరుదు ‘ముహ్‌యుద్దీన్’ నిలిచింది. ఫారసీ రాజభాషగా, దక్కనీ ఇంటిభాషగా ఉన్న సుల్తానుల దారిన వచ్చిన చోట ఫారసీ బిరుదు ‘దస్తగీర్’ పాతుకుంది. తెలుగునాడు రెండో దారిది. బీదరు, బిజాపుర్‌ల నుంచి ఖాదిరీ గురువుల కుటుంబాలు దక్కనంతా వ్యాపించాయి. కడప పెద్ద దర్గా వంశానికి మూలమైన పీరుల్లా హుసేనీ కూడా బీదరు వైపు నుంచి వచ్చినవారే. ఆర్కాటు, వేలూరు వైపు నుంచి వచ్చిన పాయ కూడా ఉంది. అందుకే మన దగ్గర మోదీన్లూ దస్తగిరిలూ పక్కపక్కనే కనిపిస్తారు.

ఉత్తరాది వాడుకకూ మన వాడుకకూ ఇంకో తేడా ఉంది. 1984 డిసెంబరు 2–3 రాత్రి భోపాల్ స్టేషన్లో రైలును ఆగమేఘాల మీద పంపించి వందల ప్రాణాలు కాపాడిన డిప్యూటీ స్టేషన్ సూపరింటెండెంట్ పేరు గులాం దస్తగిర్. ‘దస్తగీర్‌కు సేవకుడు’ అన్నది ఆ పేరు భావం. తెలుగునాట ఎక్కువగా ‘గులాం’ రాలిపోయి దస్తగిరి ఒక్కటే మిగిలింది. దీనికి తెలుగువారి పేర్ల అలవాటే కారణమని నా అభిప్రాయం. మనం పిల్లవాడికి వెంకటేశ్వరదాసు అని పెట్టడం తక్కువ. వెంకటేశ్వర్లు అనే పెడతాం. దేవుడి పేరునే నేరుగా బిడ్డకు ఇచ్చి, రోజూ ఆ పేరు పిలవడమే స్మరణ అనుకునే సంప్రదాయం మనది. దస్తగిరి ఆ అచ్చులో పడింది.

‘గిరి’ వాదం

దస్తగిరి అన్నది వెంకటగిరి, సింహగిరి లాంటి కొండ పేరేనని, తర్వాత ముస్లింల పేరుగా మారిందని అనేవారున్నారు. దీనికి భాషాశాస్త్రంలో ఆధారం లేదు. ‘దస్త’ అన్న మొదటి భాగానికి సంస్కృతంలో గానీ తెలుగులో గానీ కొండకు అతికే అర్థమేదీ దొరకదు. హల్లుతో ముగిసిన పరాయి మాటకు చివర అచ్చు చేర్చి పలకడం తెలుగు స్వభావం. ‘దస్త్‌గీర్’కు నడుమ ఒక అకారం, చివర ఒక ఇకారం చేరి, దీర్ఘం కుదించుకుపోతే దస్తగిరి.

అయినా ఈ వాదాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. పుట్టుక గురించి అది తప్పు చెప్పినా, పేరు నిలిచిన తీరు గురించి కొంత నిజం చెబుతోంది. వినగానే సొంతపేరులా ధ్వనించేది త్వరగా ఇంట్లోకి వస్తుంది. ఇలా పేరును సొంతం చేసుకోవడం తెలుగువారికి కొత్త కాదు. 1550 నుంచి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షాను మన కవులు మల్కిభరాముడన్నారు. ఇబ్రహీంలో రాముడిని విన్న చెవి అది. ఆయనకు అద్దంకి గంగాధరుడు ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితమిస్తే, ఆయన అధికారి అమీన్‌ఖాన్‌కు పొన్నిగంటి తెలగనార్యుడు అచ్చతెనుగు ‘యయాతి చరిత్ర’ను అంకితమిచ్చాడు. అయితే ధ్వని ఒక్కటే కారణమైతే మస్తాన్, సైదులు, యాకూబ్ లాంటి పేర్లు హిందువుల్లోకి ఎందుకొచ్చాయో చెప్పలేం. వాటిలో కొండలూ లేవు, రాముళ్లూ లేరు.

ధర్మపండితుల తగాదా

ముస్లిం సమాజం లోపల ఈ పేరు మీద వాదం రెండు వందల ఏళ్లుగా సాగుతోంది. బయటివారికి ఇది పెద్దగా తెలియదు.

1831లో బాలాకోట్ యుద్ధంలో చనిపోయిన షా ఇస్మాయిల్ దెహ్లవీ తన ‘తఖ్వియతుల్ ఈమాన్’లో అలీ బక్ష్, పీర్ బక్ష్, గులాం మొహియుద్దీన్ లాంటి పేర్లను తప్పుపట్టాడు. బిడ్డను ఇచ్చేవాడు అల్లా ఒక్కడే, దాస్యం ఆయనకు ఒక్కడికే అన్నది ఆయన వాదం. దేవబంద్ సంప్రదాయానికి చెందిన అష్రఫ్ అలీ థానవీ ‘బెహిష్తీ జేవర్’ కూడా ఇలాంటి పేర్లను వద్దంది. అహలె హదీస్ వర్గం ఇంకా గట్టిగా ఉంటుంది. ఆదుకునేవాడు దేవుడే అయినప్పుడు మనిషిని ‘యా దస్తగీర్’ అని పిలవడం దేవుడికి సాటి కల్పించే షిర్క్‌కు దారి అన్నది వారి అభ్యంతరం.

స్వయంగా ఖాదిరీ మార్గీయుడైన బరేలీ ఇమాం అహ్మద్ రజా ఖాన్ (1856–1921), ఆయన అనుయాయులు దీనికి ఎదురు నిలిచారు. దైవసన్నిహితులైన వలీలు ఇచ్చేది సొంతశక్తితో కాదు, అల్లా అనుమతితో. వారు వసీలా, అంటే మధ్యవర్తులు. గులాం అంటే ఆరాధకుడు కాదు, సేవకుడు మాత్రమే అన్నది వారి సమాధానం. రజా ఖాన్ తనను ‘అబ్దుల్ ముస్తఫా’ అని చెప్పుకోవడానికి వెనుకాడలేదు.

ఇక్కడ రెండు విషయాలు ఎక్కువగా మరుగున పడుతున్నాయి. ఒకటి, ఈ తగాదా జిలానీ మీద కాదు. సంస్కరణవాదులు గొప్పగా ఉదాహరించే ఇబ్న్ తైమియా స్వయంగా ‘ఫుతూహుల్ గైబ్’ మీద వ్యాఖ్య రాశాడు, జిలానీని గౌరవించాడు. వివాదం ఆయన పేరుతో జరిగే మొరల గురించే. రెండు, అన్ని రూపాలూ ఒకే అభ్యంతరానికి గురికావు. ‘గులాం దస్తగీర్’కు ఉన్న ఇబ్బంది ‘దస్తగీర్’కు లేదు. చేయి పట్టి ఆదుకోవడం మనిషి మనిషికి చేయగలిగిన మంచిపనే కాబట్టి పేరుగా తప్పులేదని మధ్యేమార్గం పట్టినవారున్నారు. దీనికి తలకిందులైన తగాదా ఖాదర్‌ది. అల్ ఖాదిర్ అన్నది దేవుడి నామం. అబ్దుల్ ఖాదిర్ అని పెట్టి, ముందున్న దాసశబ్దం వదిలేసి ‘ఖాదర్’ అని పిలవడం సరికాదని పండితులు హెచ్చరిస్తారు. ఒకే మనిషి రెండు పేర్లలో, ఒకదానికి దాసశబ్దం ఉంటే అభ్యంతరం, మరోదానికి లేకపోతే అభ్యంతరం.

ఈ వాదాలు ఇళ్లను తాకాయి. కొత్తతరం ముస్లిం పిల్లలకు ఖురాన్ నుంచీ ప్రవక్త సహచరులైన సహాబాల నుంచీ తీసిన అరబ్బీ పేర్లు పెరుగుతున్నాయి. దస్తగిరి, మస్తాన్‌వలి, మాబు సుభానీ తాతల తరం పేర్లుగా మారుతున్నాయి. హిందువుల ఇళ్లలోనూ ఈ పేర్లు తగ్గుతున్నాయి. అక్కడ కారణం మాత్రం ధర్మశాస్త్రం కాదు. పాత పల్లెపేరన్న మొహమాటం ఒకటి, పేరు విని మతం అంచనా కట్టే కాలం వచ్చిందన్న భయం మరొకటి.

హిందువుల ఇళ్లకు ఎలా వచ్చింది?

సమీక్షకు అసలైన గుండెకాయ ఈ ప్రశ్న. దీనిమీద నాలుగు వాదాలున్నాయి.

మొదటిది మతమార్పిడి అవశేష వాదం. వలసకాలపు జాతివర్ణనలది ఈ ధోరణి. ఎడ్గర్ థర్‌స్టన్ 1909 సంపుటాల్లో దూదేకులవారిని వర్ణించిన తీరు చూడండి. హిందూ ఆచారాలూ ముస్లిం ఆచారాలూ కలిసిన మధ్యస్థితి అది అన్న భావం అందులో పరుచుకుని ఉంటుంది. ఈ లెక్కన దస్తగిరయ్య అంటే సగం మారినవాడు, లేదా మారి వెనక్కొచ్చినవాడు. ఈ వాదం పెద్ద లోపమేమిటంటే, మతం మారిన జాడలే లేని కులాల్లో ఈ పేర్లెందుకున్నాయో చెప్పలేదు. హుజూర్‌నగర్ మాజీ శాసనసభ్యుడు శానంపూడి సైదిరెడ్డి, నెల్లూరు జిల్లా నాయకుడు బీద మస్తాన్‌రావు పేర్లు అందరికీ తెలిసినవే. రెడ్డి, రావు అన్న చివరలతో ఈ పేర్లు ఏ మధ్యస్థితినీ చూపడం లేదు. పైగా దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా వారిని బీసీ–బి గ్రూపులో చేర్చిన నేటి ప్రభుత్వ లెక్క కూడా పనినీ కులాన్నీ చూస్తుంది గానీ ఆ పేర్లను సగం మతానికి కొలతగా తీసుకోదు.

రెండోది రాజ్యప్రాభవ వాదం. కుతుబ్‌షాహీలు, కడప నవాబులు, 1839 వరకు కర్నూలు నవాబులు ఏలిన నేల కాబట్టి ప్రజలు ఏలికల పేర్లు పెట్టుకున్నారన్నది దీని సారం. ఏలికల మాటలకు ఆకర్షణ ఉన్న మాట నిజమే. విజయనగర రాయలే ‘హిందూరాయ సురత్రాణ’ అని సుల్తాను బిరుదును ధరించారు. పేర్ల దగ్గరికొచ్చేసరికి ఈ వాదం నిలవదు. పల్లెల్లోకి వచ్చినవి నవాబుల పేర్లు కావు, పీర్ల పేర్లు. పాలమూరు ప్రాంతంలో హిందువులకూ ఉండే జహంగీర్ పేరు దీనికి మంచి పరీక్ష. అది మొగలు చక్రవర్తి పేరులా వినిపిస్తుంది గానీ, దాని వెనుక ఉన్నది షాద్‌నగర్ దగ్గరి జహంగీర్ పీర్ దర్గా.

మూడోది మొక్కు వాదం. నాకు అన్నిటికన్నా బలంగా కనిపించేది ఇదే. బిడ్డలు లేనివారు, పుట్టిన బిడ్డలు దక్కనివారు దర్గాకు మొక్కుకుని, కలిగిన బిడ్డకు ఆ పీరు పేరు పెడతారు. తిరుపతికి మొక్కి తిరుపతయ్య అని పెట్టడానికీ, అహోబిలానికి మొక్కి నరసింహులు అని పెట్టడానికీ, దీనికీ తేడా లేదు. పేర్ల భౌగోళికమే దీనికి సాక్ష్యం. జాన్‌పహాడ్ దర్గా చుట్టూ సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి. వరంగల్ అన్నారం యాకూబ్ షావలి దర్గా చుట్టూ యాకయ్య, యాకమ్మ, యాకూబ్‌రెడ్డి. గుంటూరు, నెల్లూరు వైపు మస్తానయ్య, మస్తానమ్మ. అనంతపురం గూగూడులో పీర్ల పండుగ జరిగే కుళ్లాయిస్వామి చుట్టూ కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ. ఏ పేరు ఎక్కడ చిక్కగా ఉందో చూస్తూ పోతే, ఆ చిక్కదనం నడుమ ఒక దర్గా గానీ పీర్ల చావిడి గానీ కనిపిస్తుంది. బిడ్డలు దక్కని ఇళ్లలో పుల్లయ్య, పెంటయ్య, పిచ్చయ్య అని పెట్టే రక్షానామాల వరసలోకే ఫకీరయ్య, ఫకీరప్ప వస్తాయి. ఫకీరుకు ఇచ్చేసిన బిడ్డను మృత్యువు ముట్టదన్న ఆశ అది. పసిబిడ్డలు రాలిపోయే కాలంలో తల్లులు పట్టుకున్న చివరి ఆసరా ఆ పేరు. ఆ పేరును ఈనాడు అనుమానంగా చూసేవారు ఆ ఆసరా విలువ ఎరగరు.

మొక్కు వాదానికి దస్తగిరి ఒక్కచోట చిక్కు తెస్తుంది. సైదులుకు జాన్‌పహాడ్ ఉంది, యాకయ్యకు అన్నారం ఉంది. దస్తగిరికి ఉన్న సమాధి బాగ్దాద్‌లో. మరి మొక్కు ఎక్కడ తీర్చుకున్నారు? దీనికి జవాబు గ్యార్మీ పండుగలో దొరుకుతుంది. రబీవుస్సానీ నెల పదకొండో రోజున జిలానీ పేరుమీద జెండా కట్టి, గంధం తీసి, మలీద పంచి, ఫాతెహా చదివించే ఆచారం దక్కన్ అంతటా ఉంది. ఏలూరు ప్రాంతంవాడైన జాఫర్ షరీఫ్ దక్కనీలో రాసిన ‘ఖానూనె ఇస్లాం’ 1832లో లండన్‌లో హెర్క్‌లాట్స్ అనువాదంగా వెలువడింది. పుట్టుక నుంచి చావు వరకు దక్కనీ ముస్లింల ఆచారాలు, పేర్లు పెట్టే పద్ధతులు, ఈ పదకొండో రోజు వేడుక అందులో ఉన్నాయి. తెలుగు నేల మీది మనిషి రాసిన ఈ పుస్తకాన్ని తెలుగు పరిశోధకులు ఇంకా ఎక్కువగా వాడుకోవలసింది. సమాధి లేకపోయినా జెండా ఉంటే చాలు, ఊరికి దస్తగిరి ఉన్నట్టే.

నాలుగోది ఉమ్మడి భక్తి వాదం. రిచర్డ్ ఈటన్ 1978లో ‘బిజాపుర్ సూఫీలు’ పుస్తకంలో సూఫీలను మతప్రచారకులుగా చూసే పాత అలవాటును ప్రశ్నించాడు. తిరగలి విసురుతూ, రాట్నం వడుకుతూ స్త్రీలు పాడుకున్న దక్కనీ పాటల ద్వారా దర్గా భక్తి ఇళ్లలోకి ఎలా చేరిందో చూపించాడు. అఫ్సర్ మహమ్మద్ 2013లో గూగూడు పీర్ల పండుగ మీద రాసిన పుస్తకం తెలుగు పల్లెనే కేంద్రంగా తీసుకుంది. అక్కడ హిందూ, ముస్లిం అన్న రెండు పెట్టెల్లో ఇమడని ఊరిధర్మం ఉందని వాదించింది. ఈ వాదానికి మొక్కు వాదంతో వైరం లేదు. ఒకటి పేరు పెట్టిన క్షణాన్ని వివరిస్తే, మరొకటి ఆ క్షణం సాధ్యమైన లోకాన్ని వివరిస్తుంది. నాకున్న జంకల్లా దీన్ని మత సామరస్య నినాదంగా కుదించేవారి గురించే. మొక్కుకున్న తల్లి సామరస్యం కోసం మొక్కలేదు, బిడ్డ కోసం మొక్కింది.

పేరును సాక్ష్యంగా వాడితే

పేర్లను బట్టి మతచరిత్ర చెప్పే పద్ధతి ప్రపంచమంతటా ఉంది. రిచర్డ్ బులియెట్ 1979లో మధ్యయుగపు ఇరాన్ పండితుల వంశావళులు తీసి, ముస్లిం పేర్లు మొదలైన తరాన్ని బట్టి మతమార్పిడి వేగాన్ని లెక్కకట్టాడు. పంజాబు సియాల్ వంశంలో ముస్లిం పేర్లు శతాబ్దాల మీద మెల్లగా ఎలా పెరిగాయో ఈటన్ చూపించాడు. ఆ ప్రాంతాలకు ఆ పద్ధతి పనికొచ్చింది. తెలుగునాట అదే కొలబద్ద పెడితే తప్పుడు లెక్క వస్తుంది. ఇక్కడ పేరు మారినా మతం మారని ఇళ్లున్నాయి. మతం ఇస్లామైనా తెలుగు ఇంటిపేర్లు వదలని ఇళ్లూ ఉన్నాయి. పేరు ఏ మొక్కుకు గుర్తో చెబుతుంది గానీ, పెట్టినవారు ఏ ప్రార్థన చేసేవారో చెప్పదు.

నాలుగు వాదాలనూ ఒకచోట పెట్టి చూస్తే వాటి సత్తా వేరువేరని తెలుస్తుంది. అవశేష వాదం దూదేకులవారి చరిత్రలో ఒక భాగానికి పనికొస్తుంది, దాని బయట మౌనం వహిస్తుంది. ప్రాభవ వాదం పాలకుల మాటలు భాషలోకి రావడాన్ని వివరిస్తుంది, పేర్ల ఎంపికను వివరించలేదు. మొక్కు వాదం ఎంపికనూ భౌగోళికాన్నీ రెంటినీ వివరిస్తుంది. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల మొక్కు లేకుండానే పేరు సాగిన తరాలను మాత్రం అది విడదీయలేదు. ఉమ్మడి భక్తి వాదం నేపథ్యాన్ని ఇస్తుంది, కాలక్రమాన్ని ఇవ్వదు. ధ్వని వాదం పేరు నిలిచిన తీరుకు తోడు సాక్ష్యం. ధర్మపండితుల వాదం పేరు తగ్గుతున్న తీరుకు సాక్ష్యం.

ఇంకా తేలనివి

కాలం ప్రశ్న అన్నిటికన్నా పెద్దది. దస్తగిరి తెలుగువారి పేరై ఎన్ని తరాలైంది? ఖాదిరీ గురువులు వచ్చిన వెంటనేనా, లేక గ్యార్మీ జెండాలు పల్లెపల్లెకూ చేరాకనా? పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి బృందం బ్రిటిష్ సర్వేయరు మెకంజీ కోసం సేకరించిన గ్రామచరిత్రలైన కైఫియత్తుల్లో కడప, కర్నూలు గ్రామాలవి బోలెడున్నాయి. కరణాల పేర్లు, రెడ్ల పేర్లు, మాన్యాల వివరాలు వాటిలో ఉన్నాయి. 1858లో మొదలైన మద్రాసు ఇనాం కమిషన్ దాఖలాల్లో దర్గాల, మసీదుల, పీర్ల మాన్యాలు నమోదయ్యాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, ఏ ఊళ్లో జెండామాన్యం ఉందో, ఆ ఊళ్లో దస్తగిరిలు ఎప్పటి నుంచి కనబడుతున్నారో చూస్తే మొక్కు వాదానికి గట్టి పరీక్ష జరుగుతుంది.

మూలపురుషుడి ప్రశ్న రెండోది. కోస్తాలోని ఖాదర్‌వలి పేర్లన్నీ బాగ్దాద్‌వేనా? నాగూరు షాహుల్ హమీద్‌కు కూడా ఖాదిర్ వలీ అన్న పేరుంది. నాగూర్‌బాషా, నాగూర్‌వలి, నాగూర్ మీరా పేర్లు కోస్తా అంతటా ఉన్నాయి. కాబట్టి కొన్ని ఇళ్ల ఖాదర్‌వలి నాగూరు వైపు చూస్తుండవచ్చు. దస్తగిరి విషయంలో ఈ సందేహం తక్కువ గానీ, స్థానికంగా ఆ బిరుదు పొందిన చిన్న పీర్లు ఉన్నచోట అక్కడా ఇదే ప్రశ్న వస్తుంది.

ఆడవారి పేర్ల ప్రశ్న మూడోది. ఈ చర్చంతా మగపేర్ల చుట్టూ తిరిగింది. దస్తగిరమ్మ, సైదమ్మ, యాకమ్మ పేర్లు మొక్కుల లోకంలో ఎంత చోటు తీసుకున్నాయో లెక్కించినవారు తక్కువ. మొక్కింది తల్లులైతే, తమ ఆడపిల్లలకు పెట్టిన పేర్లలోనే ఆ మొక్కుల చరిత్ర ఇంకా చెక్కుచెదరకుండా ఉండే వీలుంది. పాత బడి రిజిస్టర్లలోనూ పెళ్లిపత్రికల్లోనూ వాటి కోసం వెతకాలి. పెంకుటింటి దూలాల మీద, సమాధుల మీద చెక్కిన పేర్లు ఇంకా చదవగలిగేలా ఉండగానే ఆ పని మొదలుకావాలి.